ముళ్ల పళ్లు

ఇల్పో హక్కరైనెన్‌కు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపించేవి. రెండూ తుప్పు రంగే అనేవాడు. తాంపెరే ఊళ్లో మా చిన్న కంపెనీ సెల్‌ఫోన్ ఆటలు తయారుచేసేది. వాటిని ఆడి తప్పులు పట్టడం అతని పని. పక్క బల్ల నాది. నేను బొమ్మలు గీసేదాన్ని.

ఆ ఏడాది చేసిన ఆటలో పైనుంచి పళ్లు వానలా రాలతాయి. ఆకుపచ్చవి పట్టుకోవాలి, ఎర్రవి వదిలెయ్యాలి. రెప్పపాటు తడబడితే ఆట అయిపోయినట్టే. ఇల్పో అరనిమిషం దాటలేకపోయాడు.

"ఏం బాబూ, వేళ్లు మొద్దుబారాయా?" అన్నాడు యజమాని సాంపో, అందరి ముందూ.

"వేళ్లు బాగానే ఉన్నాయి. నాకు రెండూ ఒకటే రంగు. పన్నెండు మంది మగాళ్లలో ఒకడు నాలాంటివాడే ఉంటాడు."

"ఆ ఒక్కడూ ఇంకో ఆట ఆడుకుంటాడులే."

ఇల్పో మూడు వారాలు, భోజనాల వేళ ఒక చేత్తో రై రొట్టె తింటూ, దారి వెతికాడు. పళ్ల మీద అక్షరాలు పెట్టాడు; ఆ వేగంలో చదవడం కుదరలేదు. చుక్కలు పెట్టాడు, అలుక్కుపోయాయి. చివరికి వదలవలసిన పళ్లకు ముళ్లు మొలిపించాడు. ఆ రోజు నాలుగు నిమిషాలు ఆడాడు. ఎవరికీ చెప్పకుండా లేచి కాఫీ తెచ్చుకున్నాడు.

సాంపో రెండు వందల మందిచేత ఆడించి చూశాడు. రంగులు బాగా తెలిసినవాళ్లు కూడా ముళ్లుంటే ఇంకా బాగా ఆడారు.

"ఇంతగా గెలిపించేదాన్ని ఊరికే ఎవడిస్తాడు? నాలుగు యూరోలు పెడదాం. కొన్నవాళ్లకే ముళ్లు," అన్నాడు.

"వాళ్లకది సుఖం. నాకది చూపు. చూపు అమ్ముతావా సాంపో?"

"నీకు ఉచితంగా ఇస్తాలే, ఏడవకు."

ఇల్పో నా వైపు చూశాడు, ఏమైనా అంటానని కాబోలు. కొనే బటన్ గీయమని అప్పటికే నాకు చెప్పారు. నేను తెర వైపు తిరిగాను.

శుక్రవారం అతను రాజీనామా ఇచ్చాడు. ఆట జోరుగా పోయింది. అందరూ ఆడగలిగేలా చేశారని బహుమతి కూడా వచ్చింది. వేదిక మీద సాంపో "మా బృందం" అన్నాడు తప్ప ఇల్పో పేరెత్తలేదు. నేను చప్పట్లు కొట్టాను.

మొన్న సంతలో ఇల్పో కనిపించాడు, నిలబడి కాగితం పొట్లంలో నల్ల మాంసపు సాసేజీ తింటున్నాడు. గోడౌన్‌లో పని చేస్తున్నాడట.

"ఆ రోజు నేను మాట్లాడాల్సింది," అన్నాను.

"మా తమ్ముడివీ నాలాంటి కళ్లే. వాడి పుట్టినరోజుకి ఆ ముళ్లు కొనిచ్చాను," అన్నాడు. "ఇప్పుడు ఆరు యూరోలు చేశారు కదా."

కాగితం నలిపి బుట్టలో వేసి, నా జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.