వనపర్తి విడిచి ఎందుకు పోవాలి

ఊరు విడిచి పోవడం గురించి మా ఇంట్లో ఎవరూ కూర్చుని ఆలోచించింది లేదు. వానాకాలం పంట అయిపోగానే అది తనంతట తానే వచ్చేది. మా తాత పోయాడు. మా అమ్మానాన్నలు పోయారు. దసరా దాటగానే, కూలీలను దూరపు పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీ వచ్చి చేతిలో అడ్వాన్సు పెట్టేవాడు. ఆ తర్వాత నాలుగు రోజులకే ఖిల్లా ఘణపూర్ దగ్గరి మా పల్లెలో, మా వాడ మొత్తానికి తాళాలు పడేవి. ముసలివాళ్లు, మేకలు మిగిలేవి. నేను పుట్టింది పూణె అవతల ఒక కాలువ పని దగ్గర, రేకుల షెడ్డులో. ఆ కాలువ ఏ ఊరికి నీళ్లు తీసుకుపోయిందో మా అమ్మకు ఇప్పటికీ తెలియదు.

నా దగ్గరికి వచ్చేసరికి నాన్న మొండికేశాడు. "ఇది మన ఎంబడి రాదు, సదువుతది" అని నన్ను వనపర్తి హాస్టల్లో వేశాడు. అక్కడే పెరిగాను, అక్కడే నర్సింగ్ చదివాను, అక్కడే జిల్లా దవాఖానలో ప్రసూతి వార్డులో ఉద్యోగం వచ్చింది. ఈ ఊరి సందులన్నీ నాకు తెలుసు. వేరుశనగ సీజన్లో మార్కెట్ దిక్కు నుంచి వచ్చే దుమ్ము వాసన తెలుసు. బజారులో నడిస్తే ఎవరో ఒకరు చంకలో బిడ్డను ముందుకు చాపి, "సిస్టరమ్మా, గుర్తువట్టినవా వీన్ని?" అంటారు. గుర్తుపట్టకపోయినా పట్టినట్టే నవ్వుతాను.

నా భర్తది గద్వాల. ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాడు. పెళ్లయ్యాక దవాఖాన వెనక ఒక చిన్న రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న చనిపోయాక అమ్మ ఒక్కతే పల్లెలో ఉండలేక మా దగ్గరికి వచ్చింది. ఆ ఇల్లు ముగ్గురికి సరిపోలేదు. ఇంకో ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. అసలు కథ అక్కడ మొదలైంది.

డ్యూటీకి పోయే దారిలో ఒక వీధి ఉంది. రోడ్డు వెడల్పు, ఇంటింటికీ ఒక జామ చెట్టో నిమ్మ చెట్టో. అందులో ఒక మేడ మీద టూ లెట్ బోర్డు కనిపించింది. నేనూ నా భర్తా సాయంత్రం వెళ్లాం. తలుపు తీసిన పెద్దామె నన్ను చూడగానే నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు కాన్పుల వార్డుల ఉంటవు గద సిస్టరమ్మా? మా కోడలుకు నువ్వే పురుడు పోస్తివి! రా బిడ్డా, రా."

కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పైకి తీసుకుపోయి ఇల్లు చూపించింది. వంటింట్లో నిలబడి, "ఈడ గ్రైండర్ పెట్టుకో, ఈడ గ్యాస్ పెట్టుకో, గాలి మస్తుగొస్తది" అని తనే సర్దేసింది. ఏ రోజు దిగుతారని కూడా అడిగింది. మెట్లు దిగి వచ్చి మిగిలిన టీ తాగుతుంటే, మాటల మధ్యలో అన్నట్టుగా, "ఇంతకు మీరు ఏమోళ్లమ్మా?" అంది.

మా దిక్కు కులం అడిగే తీరు ఇదే. నా భర్త నా వైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పెయ్ అన్నట్టుగా ఉంది ఆ చూపు. నేను చెప్పాను.

"మాదిగోళ్లం పెద్దమ్మా. చర్చికి పోతం."

ఆమె ముఖం ఏమీ మారలేదు. కానీ చూపు నా చేతిలో ఉన్న కప్పు మీదికి పోయింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత, "మా ఆయనను అడిగి ఫోన్ చేస్త బిడ్డా" అంది. గేటు దాకా వచ్చి సాగనంపింది కూడా.

ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. బోర్డు మాత్రం అట్లాగే వేలాడుతూ ఉంది. రోజూ దాని కింది నుంచే డ్యూటీకి పోయేదాన్ని. ఆ తర్వాత చూసిన ఇంకో ఇంట్లో ముందుగానే అడిగారు, మెట్లు ఎక్కే శ్రమ తప్పింది. మరో చోట, "ఇచ్చేసినం" అన్నారు. ఆ మాట అంటున్నాయన తల వెనకే బోర్డు ఉంది.

నా భర్తకు అప్పటికే హైదరాబాద్ నుంచి పిలుపు ఉంది. అతని స్నేహితుడు అక్కడ ఒక కంపెనీలో ఏసీలు బిగించే పనిలో సూపర్‌వైజర్. రమ్మని ఏడాదిగా అంటున్నాడు. ఆ రోజు బోర్డు ముందు నుంచి ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండానే అన్నాడు.

"పోదాం. ఈడ ఇల్లడిగితే కులమడుగుతరు. ఆడ ఇల్లడిగితే అడ్వాన్స్ అడుగుతరు. నాకు అదే నయం."

"నా ఉద్యోగం?"

"నీ చేతులకు ఆడ పని దొరకదా? పట్నంల పిల్లలు పుట్టరా?"

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. ఏ కోణంలో చూసినా హైదరాబాద్ మంచిదే. జీతం మంచిది, పని మంచిది, తలెత్తుకుని తిరగొచ్చు. సరే అన్నాను, ముందు ఒకసారి చూసి వద్దాం అన్నాను.

ఆ మాట విన్న అమ్మ గదిలోకి పోయింది. నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వెళ్లి చూసేసరికి, పాత చీర పరిచి మూట కట్టేసి ఉంది. బొంతలు కింద, గిన్నెలు నడిమ, బట్టలు పైన. గోడకున్న నాన్న ఫొటో కూడా తీసి బట్టల మధ్య పెట్టింది.

"అమ్మా, చూసొస్తమన్న, అంతే. ఇప్పుడే ఎవ్వరు పోతలేరు."

"పోవుడు తప్పనప్పుడు ముందే కట్టుకుంటే పరేషాన్ ఉండదు బిడ్డా. ఇంకోటి చెప్త ఇను. పోయేటప్పుడు ఎవ్వరి మీద కోపం పెట్టుకోవద్దు. మూట బరువైతది."

ఎంత శాంతంగా చెప్పిందో! నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పెద్దామె మీద కూడా అంత కోపం రాలేదు. మా అమ్మకు ఈ విద్య ఇంత బాగా వచ్చేలా చేసినవాళ్లెవరో, వాళ్లందరి మీదా వచ్చింది.

ఆదివారం ముగ్గురం హైదరాబాద్ పోయాం. స్నేహితుడు చూపించిన ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు, రెండు బెడ్‌రూములు, గోడలకు కొత్త రంగు. ఇంటాయన ఫోన్లోనే మాట్లాడాడు. ఎప్పుడు దిగుతారు, ఎంతమంది ఉంటారు, అంతే. మీరు ఏమోళ్లని అడగలేదు. నా భర్త ముఖం వెలిగిపోయింది. బాల్కనీలో నిలబడి ఎదుటి బిల్డింగ్‌కు వేలాడుతున్న ఏసీలను చూస్తూ, "చూడు, ఎంత పనున్నదో!" అన్నాడు. చాలా రోజుల తర్వాత అతన్ని అట్లా చూశాను. నాకూ ఆ ఇల్లు నచ్చింది. నచ్చలేదంటే అబద్ధం అవుతుంది.

ఆ బాల్కనీ కింద ఒక కొత్త టవర్ లేస్తోంది. దాని పక్కన నీలి రేకుల షెడ్లు. అమ్మ వాటిని చూసి లిఫ్టు దిక్కు నడిచింది. మేము వంటింటి కుళాయిలు, స్విచ్చులు చూసుకుంటుండగా చాలాసేపటికి తిరిగి వచ్చింది.

"మనోళ్లే" అంది. "గద్వాల అవతల గట్టు దిక్కోళ్లు. ఒక పిల్ల పాలిచ్చుకుంట కూసున్నది. నువ్వు ఏ బిల్డింగుల పని చేస్తున్నవ్ అవ్వా అని అడిగింది."

"ఏమన్నవ్?"

"ఏమంట? పైన ఇల్లు చూడనీకి వచ్చిన అనబుద్ధి కాలే. పనికే వచ్చిన అన్న."

నా భర్త నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేదు.

తిరుగు బస్సులో జడ్చర్ల దాటాక నా భర్తతో చెప్పాను. "నేను రాను."

అతను మొదట తమాషా అనుకున్నాడు.

"ఇల్లు నచ్చిందంటివి గద?"

"నచ్చింది. ఆడ ఎవ్వరు అడగలేదు, అది గూడ మంచిగనే అనిపించింది. గని నేనెవరో తెల్వక అడగలేదు వాళ్లు. ఈడ తెలిసినోళ్లు అడిగిన్రు. పోతే ఎవరికి నష్టం చెప్పు? ఆ పెద్దామెకా? ఆమెకు మన పీడ పోయిందని ఉంటది. బోర్డు తీసి ఆమెకు నచ్చినోళ్లకు ఇచ్చుకుంటది. ఊరు ఆమెది, పోవుడు మనది. మా తాత పోయిండు, మా అయ్య పోయిండు. నేను పోను."

"మొండితనానికి ఎవ్వడు ఇల్లు కిరాయికియ్యడు."

"ఇయ్యకుంటే ఈ రెండర్రల్లనే ముగ్గురం ఒదిగి ఉంటం."

"నీకు పంతం. నాకు పని. నా పని గురించి ఒక్కసారన్న ఆలోచించినవా?"

ఆలోచించాను. అందుకే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. ఆ వారమంతా ఇద్దరం అవసరానికి మించి మాట్లాడుకోలేదు. అమ్మ కట్టిన మూట మూలకు అట్లాగే ఉంది. నేను విప్పమనలేదు, ఆమె విప్పలేదు.

ఒక ఉదయం డ్యూటీకి పోతూ ఆ పెద్దామె గేటు తీశాను. యూనిఫాంలోనే ఉన్నాను. ఆమె వాకిలి కడుగుతోంది. నన్ను చూసి చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"పెద్దమ్మా, ఫోన్ చేస్తనంటివి."

"అదే బిడ్డా… మా ఆయన… నాకేం లేదు, మా అత్త ముసల్ది, మడి గిడి అంటది. చుట్టుపక్కలోళ్లు గూడ…"

"మీ అత్తది వద్దు, చుట్టుపక్కలోళ్లది వద్దు. మీ మాట చెప్పండి. ఇస్తరా, ఇయ్యరా?"

ఆమె నేల చూసింది. "నువ్వు మంచిదానివే సిస్టరమ్మా."

"అది నాకు తెలుసు. ఇల్లు అడిగిన."

"ఇయ్యలేనమ్మా" అంది చివరికి, చాలా మెల్లగా.

"సరే. గీ మాట కోసమే వచ్చిన. నేను ఈ ఊరు విడిచి పోతలేను. ఈ వీధిలనే ఇల్లు చూసుకుంట. మీ ఇంట్ల మల్ల కాన్పొస్తే రండ్రి, ఎప్పటి లెక్కనే చూసుకుంట."

గేటు వేసి వచ్చేశాను. ఆ రోజు వార్డులో పని చేసినంత తేలికగా నేను ఎప్పుడూ చేయలేదు.

ఆ వీధిలోనే ఇల్లు చూసుకుంటానని కోపంలో అన్నాను గానీ, నిజంగా దొరుకుతుందని అనుకోలేదు. వీధి చివర సగం కట్టి వదిలేసిన ఇల్లు ఒకటి ఉండేది. గోడలు, స్లాబు ఉన్నాయి. ప్లాస్టరింగ్ లేదు, కిటికీలు లేవు. లోపల కుక్కలు పడుకునేవి. దాని యజమాని ఎప్పుడో హైదరాబాద్ పోయి అక్కడే స్థిరపడ్డాడు. నా భర్త ఒక రోజు తనంతట తానే ఆయన నంబర్ సంపాదించి తెచ్చాడు. నా ముందే ఫోన్ చేశాడు.

"సార్, మేమే బాగుచేసుకుంటం. పెట్టిన ఖర్చు కిరాయిల పట్టుకోండ్రి. ఇంకోటి, మేము మాదిగోళ్లం. తర్వాత తెలిసి పరేషాన్ కావొద్దు."

అవతల ఆయన గట్టిగా నవ్వడం నాకూ వినిపించింది. "కుక్కలుంటున్న ఇంట్ల మీరుంటమంటే నేనేమంట? దిగుండ్రి."

ఆయన గొప్ప మనసుతో ఇచ్చాడని నేను చెప్పను. పాడుబడుతున్న ఇల్లు బాగుపడుతుందని ఇచ్చాడు. నాకు అది చాలు.

ఫోన్ పెట్టేశాక నా భర్తను అడిగాను, మరి హైదరాబాద్ సంగతేమిటని. "నువ్వా పెద్దామె ఇంటికి పోయినవంట గద. బజార్ల చెప్పిన్రు" అన్నాడు.

ఇంటి పని ఎండాకాలమంతా సాగింది. మేస్త్రీని పెట్టుకున్నాం, కానీ అమ్మ వద్దన్నా వినకుండా కొంగు నడుముకు చుట్టి సిమెంటు కలపడానికి దిగింది. నేను కోప్పడితే, "కూలికి చేస్తే ఒళ్లు నొస్తది గని, ఇంటికి చేస్తే నొయ్యది" అంది. నొచ్చింది. రోజూ పడుకునే ముందు నడుముకు నూనె రాయించుకునేది. మూట ఎప్పుడు విప్పిందో నేను చూడలేదు. ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి నాన్న ఫొటో కొత్త ఇంట్లో, ఇంకా తడి ఆరని గోడకు ఆనించి ఉంది.

మేము దిగిన కొత్తలో వీధిలో కొందరు ఆ యజమానికి ఫోన్ చేశారట. ఆయనే మాకు చెప్పాడు. "నా ఇల్లు, నా ఇష్టం, మీకేంది అన్న" అన్నాడు. రెండిళ్లవాళ్లు ఇప్పటికీ మాతో మాట్లాడరు. ఒకామె మాత్రం నిమ్మకాయలు పంపుతుంది. పెద్దామె ఎదురైతే తల వంచుకుని పోతుంది. నేను వంచను.

నా భర్త ఊళ్లోనే సొంతంగా ఒక చిన్న షాపు తెరిచాడు. పని ఉంది, కానీ ఆ నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి అతను చూసినంత పని లేదు. ఎండాకాలం స్నేహితుడు ఫోన్ చేసి జీతం సంగతి చెప్పినప్పుడల్లా, "ఆడైతే ఇప్పటికి కారు కొంటుంటిమి" అంటాడు. అననిస్తాను. నా పంతానికి అతను ఇచ్చినది చిన్నదేమీ కాదు. దానికి బదులు ఏమివ్వాలో నాకు తెలియదు. కానీ మళ్లీ అడిగినా నేను అదే చెబుతాను.

మొదటి డిసెంబర్లో నా భర్త మేడ మీద క్రిస్మస్ స్టార్ కట్టాడు. లోపల బల్బు పెట్టాడు, వీధి మొదట్లోకి కూడా కనిపించేంత పెద్దది. మరుసటి రోజు పక్కింటాయన గోడ మీది నుంచి మర్యాదగానే పలకరించాడు.

"సిస్టరమ్మా, లైటు మా రూమ్‌లకు పడుతున్నది. జర చిన్నది పెట్టుకోరాదు?"

నేను జవాబు వెతుక్కునేలోపే, వాకిట్లో జొన్నలు చెరుగుతున్న అమ్మ చాట దించకుండానే అంది:

"పర్దా వేసుకో అయ్యా. వచ్చే యేడు ఇంకా పెద్దది కడతం."