అమ్మ కుట్టుకున్న సీరియల్

డ్యూటీ దిగి, ఈ పరాయి దేశంలో హారిస్‌డేల్‌ అనే పేటలో ఉన్న మా ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూలబడ్డాను. హైస్కూల్లో చదువుతున్న మా అమ్మాయి ఓ నవల పట్టుకొచ్చింది. ఒక పిల్ల ఎదిగే కథట. "అమ్మా, షి కీప్స్ షటింగ్ ద విండో. ఈజ్ ఇట్ ఎ సింబల్?" అంది. కళ్లు మూతలు పడుతున్నా నవ్వొచ్చింది.

వారపత్రికలోంచి సీరియల్ కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసుకోవడం మీకూ గుర్తుందా? తెనాలి దగ్గర మా ఊళ్లో అమ్మ అలాగే దాచుకునేది. మధ్యాహ్నాలు పైకి చదువుతుంటే నాయనమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది. ఆ సీరియల్లోనూ ఓ అమ్మాయి భయమేసినప్పుడల్లా కిటికీ మూసేది. ఒక వారం మూయలేదు. "చూశావటే, ఇక ఇది ఎవరికీ జడవదు," అంది అమ్మ నాతో.

నా ఏడో తరగతి అయ్యాక, హైస్కూలుకి బస్సెక్కి వెళ్లాలని తెలిసి, "ఇక చాల్లే దీని చదువు," అంది నాయనమ్మ. అత్తగారి ముందు ఏనాడూ నోరెత్తని అమ్మ, "అది చదువుకుంటుంది అత్తయ్యా," అంది. నాయనమ్మ ఆ రోజంతా అమ్మతో మాట్లాడలేదు.

ఇదంతా తనకీ చెబితే మా అమ్మాయి, "సో, అమ్మమ్మ చేంజ్డ్, రైట్?" అంది.

"అవునే. కానీ బడి తెరిచిన రోజు పొద్దున్నే లేచి నాకు క్యారేజీ కట్టింది మాత్రం మా నాయనమ్మే," అన్నాను.