అంచులు కత్తిరించిన ఫోటో

తాతయ్యకు గుబులు పుట్టిందంటే చేతులు ఊరుకోవు. కుట్టుమిషను మీద బతికిన మనిషి కదా, వదులుగా ఉన్న బొత్తాన్ని బిగిస్తాడు, బిగిగా ఉన్నదాన్ని ఊడబీకి మళ్లీ కుడతాడు. శాసనసభ కమిటీ ముందు మాట్లాడాల్సిన రోజు పొద్దున్నే సూది పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమండీ, ఆ బొత్తాం ఏం పాపం చేసింది? వదిలెయ్యండి" అంది అమ్మమ్మ.

"అంతమంది ముందు నిలబడాలే."

"కొంగల ముందు పూటంతా నిలబడతారుగా. వీళ్లూ అంతే అనుకోండి."

"కొంగలు ప్రశ్నలు వెయ్యవు."

కొంగలు పిల్లల్ని పెంచే నెలల్లో చెరువుల్లో జమ్ముగడ్డి కోయకూడదని రాష్ట్రమంతటికీ ఒక చట్టం కావాలి. పక్షుల్ని గమనిస్తూ కాపాడే జట్లు, అన్ని ఊళ్లవీ కలిసి అడుగుతున్నాయి. ఈసారి చెప్పే వంతు మా ఊరి జట్టులోని తాతయ్యది. ఇవాళ తేలకపోతే వచ్చే వారం కోత మొదలు, గూళ్లు గడ్డితో పాటే లారీ ఎక్కుతాయి.

కమిటీ అధ్యక్షురాలు ఆయనిచ్చిన ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసింది.

"గూడు బాగుంది. ఇదెక్కడ?"

తాతయ్య చెయ్యి చొక్కా బొత్తాం మీదికి వెళ్లింది. గూడు ఎక్కడుందో బయటివాళ్లకు చెప్పకూడదన్నది జట్టు కట్టుబాటు. చెబితే జనం ఎగబడతారు, తల్లి బెదిరి గూడు వదిలేస్తుంది. అందుకే గట్టూ, పంపుషెడ్డూ కనబడకుండా ఫోటో అంచుల్ని ఆయనే శుభ్రంగా కత్తిరించేశాడు. గూడు ఇక్కడిదేనన్న సాక్ష్యం కూడా ఆ ముక్కలతోనే పోయిందని ఇప్పుడు తట్టింది.

"ఏ దేశం కొంగో ఏమో!" అన్నాడు వెనక వరుసలోంచి గడ్డి కోత కాంట్రాక్టరు. అందరూ నవ్వారు. జట్టు పెద్ద అయిన బడి టీచరమ్మ చెప్పొద్దన్నట్టు కళ్లురిమింది.

"చెప్పలేనమ్మా, చూపిస్తాను" అన్నాడు తాతయ్య. "మీరొక్కరే రండి. చప్పుడు చెయ్యని చెప్పులేసుకుని."

మళ్లీ నవ్వులు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "రేపు తెల్లారగానే వస్తాను" అంది.

తిరుగు బస్సులో టీచరమ్మ ఆయన పక్కన కూర్చోలేదు. ఆ రాత్రి తాతయ్యకు కంటిమీద కునుకు లేదు. కొంగ లేచిపోతే? ఆవిడ తుమ్మితే?

ఆవిడ తుమ్మలేదు. తెల్లారగానే మోకాళ్లదాకా బురదలో, ఆయన పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడింది. జమ్ములోంచి ఊదారంగు మెడ ఒకటి పైకి లేచింది. దాని కింద నాలుగు నోళ్లు తెరుచుకున్నాయి.

గట్టెక్కాక అడిగింది. "ఇలాంటి గూళ్లు రాష్ట్రంలో ఎన్నుంటాయి?"

"ఎవరి జట్టువి వాళ్లకే తెలుసమ్మా. మేం ఒకరికొకరం కూడా చెప్పుకోం."

"అయితే ప్రతి జట్టూ నాకో గూడు చూపించాలి. ఒక్కదాన్నే వస్తాను. నేను చూసొచ్చేదాకా కోత ఆపిస్తాను. చూపించకపోతే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు."

ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్లు. తాతయ్య ఇంటికొచ్చి ఫోను ముందు చతికిలబడ్డాడు. తాను తప్పిన కట్టుబాటును రాష్ట్రంలోని జట్లన్నింటి చేతా తప్పించాలి మరి.

"ముందెవరికి?" అంది అమ్మమ్మ.

"టీచరమ్మకే. ఆవిడ చెబితేనే మిగతావాళ్లు వింటారు."

"అయితే ఫోను చెవికి కాస్త దూరంగా పెట్టుకోండి."

అవతల మోగుతూనే ఉంది. ఎత్తకపోతే బాగుండునని ఆయన మొహమే చెబుతోంది.

ఎత్తింది.