ఏడో నంబరు బనియను

మీ కాలేజీ కబడ్డీ జట్టులో ఇప్పటిదాకా కూతకు వెళ్ళినవాళ్ళందరిలోకీ గొప్పవాడు ఎవడని అడిగితే మీరు ఎవరి పేరు చెబుతారు? చెప్పండి, తొందరేం లేదు. చెప్పాక మాత్రం ఇంకో ప్రశ్నకూ జవాబివ్వాలి: ఆ ఆట మీ కళ్ళతో మీరు చూశారా, ఎవరో చెబితే విన్నారా?

ఈ రెండో ప్రశ్న నాకు పాత అలవాటు. గాలిలోంచి విబూది తీసే స్వాములను సభలో నిలబెట్టి "చొక్కా చేతులు మడిచి తియ్యండి" అని అడిగే బృందంలో చర్చ నేర్చుకున్నవాణ్ణి. దుబాయ్ వచ్చి ఆఫీసు ఉద్యోగంలో పడ్డాక కూడా ఆ దురద పోలేదు. వారాంతపు సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారిన కొత్తల్లో, కరామా పేటలో ఒక మధ్యాహ్నం, అదే ప్రశ్న తిరిగి నా మెడకే చుట్టుకుంది.

రాయలసీమలో మేం చదివిన కాలేజీలో కొత్త కబడ్డీ కోర్టు కట్టారు. వెనక గోడ మీద కాలేజీ చరిత్రలోకెల్లా గొప్ప రైడర్ బొమ్మ వేయిస్తామనీ, అది ఎవరి బొమ్మో కోర్టుకు చందాలు పంపిన దుబాయ్ పాత విద్యార్థులే తేల్చాలనీ ఆటల మాస్టారు ఫోన్ చేశారు. ఒక్క బొమ్మకే చోటుంది. పెయింటర్ మర్నాడే వస్తాడు.

తేల్చడానికి నలుగురం ఒక హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చున్నాం. నా క్లాస్‌మేట్లు ఇద్దరు: ఒకడు అబూధాబీలో అకౌంటెంటు, ఒకామె కరామా క్లినిక్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. నాలుగోవాడు మాకు రెండేళ్ళు జూనియర్, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని గ్యారేజీలో కార్ల వైరింగ్ చూస్తాడు.

అకౌంటెంటుది మూడో నంబరు బనియనువాడి పక్షం. "వాడు లోపలికి పోతే బోనస్ గ్యారంటీ అప్పా! కాలు చాపితే గీతే వాని కాడికొచ్చేది."

"పో అన్నా, బోనసంట బోనస్!" అన్నాడు వైరింగ్ తమ్ముడు పరోటా చింపుతూ. ముదీర్‌ను, అంటే మేనేజరును, బతిమాలి పూట సెలవు తెచ్చుకున్న మనిషి, దాన్ని వృథా పోనిచ్చేలా లేడు. "ఏడో నంబరన్న యూనివర్సిటీ ఫైనల్లో ఏడు మందిని ఈడ్చుకోనొచ్చి గీత ముట్టినాడు. ఖలాస్! ఇంగ మాటే ల్యా."

"పోయిన రంజాన్‌లో ఐదు మందంటివి గదరా?"

"ఐదు మంది కాళ్ళు పట్టినారు, ఇద్దరు నడుం పట్టినారు. లెక్కలు నీకొక్కనికేనా వచ్చేది?"

"రిఫరీని గూడా కలుపు, ఎనిమిదైతారు."

నేను చెంచాతో బల్ల మీద కొట్టి నియమం పెట్టాను: చూసినదే సాక్ష్యం, విన్నది చెల్లదు. ఆ ఫైనల్ జరిగిన ఏడాదికి తమ్ముడు ఇంకా కాలేజీలో చేరనే లేదని నిమిషంలో తేలింది. అకౌంటెంటు మూడో నంబరు ఆట చూసింది రెండు మ్యాచ్‌లే. ఒకదాంట్లో ఆయన మొదటి కూతకే దొరికిపోయాడు. ఒకే పూటలో ఇద్దరు దేవుళ్ళను కూల్చినందుకు నాకు కాఫీ మరింత కమ్మగా అనిపించింది.

అంతదాకా దోసె మీద నుంచి తలెత్తని మా క్లాస్‌మేట్ అప్పుడు నోరు విప్పింది. "ఏడో నంబరాయన చదువు అయిపోయి పోయినంక, ఆ బనియను ఎవరు తొడుక్కున్నారో తెలుసునా?"

"బీరువాలో పెట్టింటారు" అన్నాడు అకౌంటెంటు.

"నేను తొడుక్కున్యా. ఆడపిల్లల జట్టుకు కొత్త బనియన్లు యాడిచ్చినారబ్బా? మీరు ఇడిసిపెట్టినవే మాకు. రెండు పక్కలా లోపలికి కుట్టుకోని రెండేండ్లు ఆడినా. మాస్టారు అడిగింది కాలేజీలో గొప్ప రైడరనా, మగపిల్లల్లో గొప్ప రైడరనా?"

"కాలేజీలో అనే" అన్నాను.

"అయితే నా పేరు గూడా పెట్టండి."

ఆమె గొప్ప కోసం పాకులాడే మనిషి కాదు. ఆమె చెల్లెలి కూతురు ఇప్పుడు ఆ కాలేజీ జట్టులోనే ఉంది. కొత్త కోర్టు సాయంత్రాలన్నీ మగపిల్లలకే రాసిపెట్టారు. అమ్మాయిలకు మిగిలింది పొద్దున ఐదున్నర. ఆ వేళకు పల్లెల నుంచి బస్సుల్లేవు. సగం మంది ఆట మానేశారు, ఆ పిల్ల కూడా మానేస్తానంటోంది. "గోడ మీద గూడా మగోడే నిలబడితే ఇంగ కోర్టు వాళ్ళకు రాసిచ్చినట్టే" అంది.

ఇక్కడ నేను చేసిన పని దాచకుండా రాయాలి. "నీ ఆట చూసిన సాక్షులెవరు?" అని అడిగాను. అదే గొంతు, అదే చెంచా.

"మీరైతే కాదు. మా మ్యాచ్‌లు తెల్లారుతూనే పెట్టేవాళ్ళు. మీరంతా హాస్టల్లో ముసుగుతన్ని పండుకోనుంటిరి. మీరు చూడకుంటే నేను ఆడనట్టా?"

చెంచా కింద పెట్టేశాను. చూడనిదాన్ని నమ్మననడం వేరు. చూడటానికి ఒక్క పొద్దునైనా లేవకుండా, అక్కడేమీ లేదనడం వేరు. మొదటిది హేతువాదం. రెండోది ఉత్త బద్ధకం. సభల్లో ఎందరినో నిలదీసిన నేను ఇన్నేళ్ళూ ఈ బద్ధకాన్ని మోస్తూ తిరిగాను.

బల్ల అవతల వైరింగ్ తమ్ముడు తినడం ఆపేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అన్నా, సాక్షి ఉండాడు."

"ఎవరు?"

"నేనే. మొదటి సంవత్సరం నన్ను ఎక్స్‌ట్రాల్లో పెట్టినారు గదా. అక్కోళ్ళకు ప్రాక్టీసు కావల్లని మాస్టారు ఒకరోజు గేటు మూయించి మా ఎక్స్‌ట్రాలను ఎదురు నిలబెట్టినాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను కుడి కార్నరు. అక్క కూతకొచ్చింది. మడమ పట్టినా. గట్టిగానే పట్టినా, అబద్ధం ల్యా. నన్ను అట్లే ఈడ్చుకోని పొయ్యి గీత ముట్టింది. మళ్ళా వచ్చింది, మళ్ళా అంతే. మూడోసారి నేనే దారిడిసినా."

"మోచేతి మీద ఆ మచ్చ సైకిల్ మీంచి పడిందంటివే?" అన్నాను.

"సైకిల్ కాదన్నా. అక్క."

అకౌంటెంటు నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. ఆమె కళ్ళు పెద్దవి చేసి చూసింది. "ఆ పిల్లోడు నువ్వేనా! నువ్వు ముక్కుతాంటే నవ్వొచ్చి నా కూత ఆగిపోతాదని భయపడితి."

ఒక్క ప్రాక్టీసుతో చరిత్రంతా తేలుతుందా అని అకౌంటెంటు మెలిక పెట్టాడు. తేలదు. కానీ ఏడో నంబరు ఈడ్చిన ఏడుగురిలో ఒక్కడూ మా ముందుకు రాలేదు. ఆమె ఈడ్చినవాడు పరోటా ముందు కూర్చుని ఒప్పుకున్నాడు. బల్ల మీద మిగిలిన సాక్ష్యం అదొక్కటే. అకౌంటెంటు కూడా ఆమె పేరుకే చెయ్యెత్తాడు.

మాస్టారికి ఫోన్ చేసి ఆమె పేరు చెబితే నసిగారు. "ఆడపిల్లల ఫొటోలు మేం తీయలేదే! పెయింటర్ ఏం చూసి వేస్తాడప్పా?"

తమ్ముడు నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "సార్, పెయింటర్‌ను వీడియో కాల్ చెయ్యమనండి. అక్క యా పక్క వంగింది, జడ యాడ దోపుకుంది, అంతా నేను చెప్తా. ఒకటే షరతు. మడమ పట్టుకోని కింద పడినోని బొమ్మ గూడా వెయ్యల్ల. వాడు నేనే. యల్లా, కానీండి, రాసుకోండి."

తర్వాత ఫోన్ ఆమె తీసుకుంది. "సార్, వారంలో మూడు సాయంత్రాలు అమ్మాయిలకియ్యండి. ల్యాకుంటే నా బొమ్మ వద్దు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. చివరికి "సరేమ్మా" అన్నారు.

నెల తర్వాత ఆమె చెల్లెలి కూతురు వీడియో పంపింది. సాయంత్రపు ఎండలో ఆ పిల్ల కూతకు వెళుతోంది. వెనక గోడ మీద ఏడో నంబరు బనియనులో ఆమె బొమ్మ, రెండు పక్కలా కుట్లతో సహా. కింద మడమ పట్టుకుని ఒక బారు మీసాలవాడు. "నాకు అంత మీసం ఎప్పుడుండేదన్నా?" అని తమ్ముడు ఇప్పటికీ గొణుగుతాడు. గ్యారేజీలో అందరికీ ఆ వీడియో చూపించేదీ అతనే.

ఇక మీరు. మొదట నేనడిగినప్పుడు మీకు తట్టిన పేరును కాసేపు పక్కన పెట్టండి. ఈ వారమే మీ కాలేజీకి ఫోన్ చేసి ఆడపిల్లల జట్టు జాబితా అడగండి. లేదంటే ఆ జట్టులో ఆడిన ఒక్కరినైనా వెతికి పట్టుకుని, ఆమె చెప్పింది కాగితం మీద పెట్టి మీ మాస్టారికి పంపండి. ఆమె చేతిలో ఓడినవారు మీలో ఉంటే ముందు మీరే లేవండి. సాక్ష్యం చెప్పండి.