సారు దిద్దని పేపరు

అరవైల్లో నేను వికారాబాద్ నుంచి హైదరాబాద్‌కు రోజూ ప్యాసింజర్ బండిలో పోయి బీయే చదివాను. మాకు చరిత్ర చెప్పే సారు తాండూరు నుంచి అదే బండిలో వచ్చేవారు. మేమెక్కేసరికి కిటికీ పక్క జాగా ఆపి ఉంచేవారు. ధారూర్ స్టేషన్లో కొన్న జామకాయలు మా చేతుల్లో పెట్టి, పాఠం మొదలుపెట్టేవారు. నాకొచ్చిన చరిత్రలో సగం ఆ బల్లల మీద నేర్చుకున్నదే. ఆ కిటికీ పక్క జాగా కోసం ఇప్పటికీ మనసు పీకుతుంది.

పరీక్షలు మొదలయ్యాయంటే మాత్రం సారు మమ్మల్ని ఎరగనట్టే ఉండేవారు. మార్కులు పంపేదాకా వేరే డబ్బాలో కూర్చునేవారు. నమస్తే పెడితే తల ఊపి పోయేవారు. క్లాసుకు ఇంతమందికే ఫస్టు క్లాసని ముందే అనుకుని దిద్దే లెక్చరర్లు కూడా ఉండేవాళ్లు. సారుకది గిట్టేది కాదు. "పెండ్లి బంతిల లడ్డూలా గివి, లెక్కవెట్టి పంచనీకి?" అని నవ్వేవారు.

ఆఖరి ఏడు నాకు ఫస్టు క్లాసు తప్పనిసరైంది. "ఫస్టు క్లాసొస్తెనే ఎమ్మే. లేకుంటే ఇంటి పట్టున ఉండు" అని నాయన ఖరాఖండిగా చెప్పేశాడు. ఫలితాలొచ్చాయి. కొద్దిలో తప్పింది, అదీ సారు సబ్జెక్టులోనే. ఒళ్లు మండిపోయింది. సాయంత్రం తిరుగు బండిలో ఆయన్ని నిలదీశాను.

"నీ పేపర్ నేను దిద్దలె బిడ్డా. చేతిరాత గుర్తువట్టిన. నేను దిద్దితే ఎక్కువ పడ్తుండె. అందుకే ఇంకో సారుకిచ్చిన" అన్నారు.

ఆయన నిజాయితీ అంతా వచ్చి నా నెత్తినే పడాలా అని ఏడుపొచ్చింది. వికారాబాద్‌లో దిగిపోయాను. తాండూరు పోవలసిన సారు కూడా నా వెనకే దిగారు. మా ఇంటికొచ్చి, నాయన ముందు కూర్చుని, సెకండ్ క్లాసైనా సరే నన్ను ఎమ్మేలో చేర్పించమని అడిగారు.

"ఇంత చెప్పేటోరు, గా నాలుగు మార్కులేస్తె అయిపోతుండె గద సార్" అన్నాడు నాయన.

"మార్కులు అందరి పిల్లల్ని ఒక్క తీరుగ చూసి వేసేటియి. అండ్ల ఒక్కటి సుత ఎక్కువియ్య. గిప్పుడు మిమ్ముల అడిగేది నా నోటిమాట. మీ బిడ్డకు ఎంతన్న ఇస్త."

నాయన నా దిక్కు చూసి, "కాలేజి ఎన్నడు తెరుస్తరు?" అని అడిగాడు.