ఇంటర్వ్యూలో నేను అందించిన మాట

ఇప్పుడైతే నవ్వుతూ చెప్పగలుగుతున్నాను గానీ, ఆ నెల రోజులూ నాకు ముద్ద దిగలేదు.

నేను చదివింది ఐదో తరగతి వరకే. ఆరో తరగతికి కాలవ దాటి పక్క ఊరు వెళ్ళాలి, మా నాన్న పంపలేదు. అయితే ఒకసారి నా చెవిన పడిన మాట ఇక పోదు. మా ఊరి చర్చిలో ఆదివారం బడి పిల్లలకి బైబిలు కంఠత వాక్యాల పోటీ పెట్టేవారు. ఏటా బహుమతి నాకే. స్టీలు గ్లాసులు, సబ్బు పెట్టెలు, ఒకసారి గోడ గడియారం కూడా ఇచ్చారు. నేను కాపురానికి తెచ్చిన సామానంతా దేవుడిచ్చిందేనని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

ఆ పోటీకి మా వైపు ఒక పద్ధతుంది. క్రిస్మస్ రోజు పిల్లలు వేదికెక్కి వాక్యాలు చెబుతుంటే తల్లులు ముందు వరసలో చాపల మీద కూర్చుంటారు. పిల్ల ఎక్కడైనా ఆగిందా, తల్లి వెంటనే తర్వాతి మాట అందిస్తుంది. అందులో తప్పేమీ లేదు. పాస్టరుగారు కూడా నవ్వి ఊరుకుంటారు. అందించకుండా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్న తల్లినే నలుగురూ వింతగా చూస్తారు. మా అమ్మాయి మూడేళ్ళ వయసులో వేదికెక్కింది. అప్పటినుంచి పదేళ్ళపాటు నేను ముందు వరస వదలలేదు.

మేముండేది బెజవాడ భవానీపురంలో, రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్న వాటాలో. మా ఆయన వన్ టౌన్‌లో సరుకుల ఆటో నడుపుతారు. నేను జాకెట్లు కుడతాను. అమ్మాయి అప్పుడు ఇంటర్ రెండో ఏడు. దాని క్లాసులో అందరి ధ్యాసా ఇంజనీరింగు మీదుంటే దీని ధ్యాస కాలవల మీద పడింది. దివిసీమలో మా పుట్టింటి చేను కాలవకి చిట్టచివర ఉంటుంది. బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారని పేపర్లో పడ్డాక కూడా అవి మా చేను చేరేసరికి నారు ముదిరిపోతుంది. ఆ నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయి, ఎవరు ఆపుతున్నారు అంటూ సెలవుల్లో మేనమామ వెంట గట్లన్నీ తిరిగి నోటుపుస్తకం నింపుకొచ్చింది. ఆ పుస్తకం చూసిన వాళ్ళ ఇంగ్లీషు మేడం, ఇలాంటి చదువు చెప్పే పెద్ద యూనివర్సిటీ ఒకటి వేరే రాష్ట్రంలో ఉంది, పెట్టి చూడమ్మా అన్నారు.

వాళ్ళ పద్ధతి మాకు కొత్త. మొదటి విడత అని ఒకటుంది. పబ్లిక్ పరీక్షలు ఇంకా రాయకముందే దరఖాస్తు పెట్టాలి, వ్యాసాలు రాసి పంపాలి. అవి నచ్చితే కంప్యూటర్లో ఇంటర్వ్యూ చేస్తారు. కొత్త సంవత్సరం రాకముందే అవునో కాదో చెప్పేస్తారు. సీటిచ్చారంటే చదువూ హాస్టలూ వాళ్ళే చూసుకుంటారు. కాదన్నారంటే ఆ ఏడాది మళ్ళీ అడగడానికి లేదు.

వాళ్ళ నాన్న కూడా ముందే తేల్చేశారు.

"సీటొస్తే నీ ఇష్టం. రాలేదనుకో, నోరు మూసుకుని ఇంజనీరింగ్‌లో చేరాలి. మళ్ళీ కాలవ, గట్టు అన్నావంటే ఊరుకోను."

"సరే నాన్నా," అంది అమ్మాయి. దాని గొంతు విన్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ పిల్లకి ఇంకో దారి లేదు.

వ్యాసాలు నచ్చాయి, ఇంటర్వ్యూకి పిలిచారు. మేడం పన్నెండు ప్రశ్నలు రాసిచ్చారు. అమ్మాయి జవాబులు రాస్తే దిద్దిపెట్టారు. ఇక దాన్ని పట్టేవాళ్ళు లేరు. మా బెజవాడ కాలేజీల్లో పిల్లలకి నేర్పేదే అది కదా, పట్టుకుని రుబ్బడం. పొద్దున్నే మొదలెట్టి గదిలో అటూ ఇటూ తిరుగుతూ వల్లించేది. నేను మిషను తొక్కుతూ వినేదాన్ని. వారం తిరిగేసరికి పన్నెండు జవాబులూ నాకూ వచ్చేశాయి.

"అమ్మా, నాలుగోది ఎక్కడ ఆపాను?"

"ద గేట్ ఈజ్ ఓపెన్. తర్వాత బట్ ద లాస్ట్ ఫీల్డ్."

"నీకు ఇంగ్లీషు రాదు కదమ్మా!"

"రాకపోతే ఏం? నువ్వు ప్రతిసారీ అక్కడే తడుముకుంటున్నావు, చూసుకో."

అన్నం తింటున్న మా ఆయన ఊరుకుంటారా. "నువ్వు కూడా ఓ అప్లికేషన్ పడెయ్యవే. తల్లీ కూతుళ్ళిద్దరికీ ఒకటే రూము ఇస్తారు," అన్నారు.

ఇంటర్వ్యూ పొద్దున పదకొండింటికి. మేడం తన లాప్‌టాప్ ఇచ్చారు. గదిలో అమ్మాయి తప్ప ఎవరూ ఉండకూడదని వాళ్ళు పంపిన కాగితంలోనే ఉంది. మా ఆయన ఆటో వేసుకుని వెళ్ళిపోయారు. పై వాటా వాళ్ళని నీళ్ళ మోటారు వెయ్యొద్దని బతిమాలుకున్నాను. కుక్కరు పెట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి, గుమ్మానికున్న తెర లాగేసి, దాని వెనక పీట వేసుకుని కూర్చున్నాను. వంటిల్లు ఆ గదిలోకి రాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

అవతల ఇద్దరున్నారు, ఒక ఆవిడా ఒక ఆయనా. గొంతులు మాత్రమే వినపడుతున్నాయి. మొదటి ప్రశ్నలు బాగానే సాగాయి. నాలుగోది వచ్చింది, నీళ్ళు చివరి చేనుకి ఎందుకు చేరవని. అమ్మాయి గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది. ద గేట్ ఈజ్ ఓపెన్ అంది, ఆగింది.

ఒకటి, రెండు, మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు చప్పుడు లేదు.

"బట్ ద లాస్ట్ ఫీల్డ్," అన్నాను నేను.

కావాలని అనలేదు. ఎదురుగా వేదికా లేదు, పాస్టరుగారూ లేరు. పిల్ల ఆగింది, నా నోరు కదిలింది, అంతే. అదీ గుసగుసగా కాదు, చర్చిలో చివరి చాప దాకా వినపడే గొంతుతో.

ఆ ఆవిడ ఏదో అడిగింది. "సారీ మేడం, మై మదర్," అంది అమ్మాయి. ఇక దాక్కుని లాభం లేదని తెర తీసుకుని బయటికొచ్చి, లాప్‌టాప్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. పక్కనాయన చూడనే లేదు, తల వంచుకుని ఏదో రాసుకుంటున్నాడు.

"మీకు ఇంగ్లీషు వచ్చా అని అడుగుతున్నారమ్మా," అంది అమ్మాయి నేల చూస్తూ.

"రాదండి. విని విని నోటికొచ్చింది. తప్పు నాదేనండి, పిల్లకి తెలీదు," అన్నాను. అమ్మాయి అదే మాట ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ నవ్వింది గానీ, వెంటనే ఇంకో మాట అంది. నన్ను బయటికి వెళ్ళమంటున్నారని అమ్మాయి చెప్పింది. మెట్ల మీదికెళ్ళి కూర్చున్నాను.

అరగంట తర్వాత అమ్మాయి తలుపు తీసింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఎందుకమ్మా అందించావు? నేను ఆలోచిస్తున్నాను, మర్చిపోలేదు!"

"ఆలోచిస్తున్నావని నాకేం తెలుసే? ఎప్పుడూ అక్కడే మర్చిపోతావు కదా!"

"ఆ జవాబు పక్కన పెట్టెయ్ అన్నారు. ఆ చేను ఎప్పుడూ చూడనివాళ్ళకి చెప్పినట్టు చెప్పమన్నారు. నోటుపుస్తకంలో కాలవ గీసి చూపించాను. ఏం వాగానో నాకే తెలీదు."

"ఆయన ఏమన్నాడు?"

"ఆయన ఏమీ అనలేదు. రాసుకున్నాడు."

ఆ రాసుకోవడమే నన్ను తినేసింది. తల్లి వెనకనుంచి చెబుతోంది, పిల్లది దొంగ జవాబు అని రాసి ఉంటాడని నా అనుమానం. ఒకరి జాకెట్‌కి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టేశాను. ఉండబట్టలేక గవర్నర్‌పేటలో మేడం ఇంటికి వెళ్ళాను.

"మేడం, ఒక్క ఫోన్ చెయ్యండి. పిల్ల తప్పేం లేదని చెప్పండి."

"అమ్మా, వాళ్ళు ఎంతమందిని చూసి ఉంటారు! మనం ఫోన్ చేస్తే మర్చిపోయినవాళ్ళకి కూడా గుర్తొస్తుంది. ఇంటికెళ్ళి స్థిమితంగా కూర్చోండి."

కూర్చున్నాను గానీ స్థిమితం ఎక్కడిది. మా ఆయన ఒక్కమాట తిట్టలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. ఇంజనీరింగు కాలేజీల వివరాలున్న కాగితాలు ఎక్కడినుంచో తెచ్చి బల్ల మీద పెట్టారు. అమ్మాయి వాటిని తిరగెయ్యను కూడా లేదు.

డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం, మా ఆయన భోజనానికి వచ్చి ఉన్నారు. అమ్మాయి ఫోన్ పట్టుకుని గదిలోంచి వచ్చింది. "మెయిల్ వచ్చింది," అని మా ఇద్దరి మధ్యా కూర్చుంది. తెరిచి, పైనుంచి చదవడం మొదలెట్టి, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

నేను రెండు పెదవులూ బిగించి పట్టుకున్నాను. నాకు తెలియని ఇంగ్లీషు, అందించడానికి ఏమీ లేదు. ఉన్నా అందించేదాన్ని కాదు.

"వచ్చింది," అంది. మళ్ళీ చదివింది. "అమ్మా, వచ్చింది. హాస్టలు కూడా ఇచ్చారు."

మా ఆయన ఎంగిలి చేత్తోనే దాని తల నిమిరారు, జుట్టుకి పప్పు అంటుకుంది. "ఏంటి నాన్నా!" అని అరిచి అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

"నా గురించి ఏమైనా రాశారా?" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

అది కింద దాకా చూసింది. "ఏమీ లేదమ్మా. సంతోషించు."

"నిజంగా? ఒక్క ముక్క కూడా లేదా?"

"లేదంటుంటే!"

మా ఆయన లేచి చెయ్యి కడుక్కుని, బల్ల మీది కాగితాలు మడిచి, ఆటో సీటు కింద వేసుకోడానికి పనికొస్తాయంటూ జేబులో పెట్టుకున్నారు. నాకు ఒక్కసారిగా ఆకలి మండిపోయింది. కంచం కూడా తీసుకోలేదు, గిన్నెలో మిగిలిన అన్నంలోనే పప్పు పోసుకుని, గోంగూర పచ్చడి వేసుకుని అక్కడే నేల మీద కూర్చుని తిన్నాను. పొయ్యి మీద ఇంకో గిన్నెడు అన్నం పడేశాను. అది ఉడికే లోపు, అమ్మాయి ఫోన్‌లో మేనమామకి వార్త చెబుతుంటే వింటూ, గోడకి ఆనుకుని అలాగే నిద్రపోయాను.