అన్ని జబ్బుల ఏసేపు

ఏసేపుకు రాని సుఖరోగం లేదు. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఆయనే చెప్పుకునేవాడు.

మాకు పరిచయమైంది కర్నూలులో. ఆ ఊరు అప్పుడు కొత్త రాజధాని. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. పెళ్ళాంబిడ్డలను సొంతూళ్ళలో వదిలి వచ్చిన మగవాళ్ళు వీధినిండా. సుఖరోగాల గురించి జనానికి సిగ్గుపడకుండా చెప్పేవాళ్ళు కావాలని మాకు శిక్షణ పెట్టారు. పాసైతే సర్టిఫికెట్టు. నేను హెల్త్ విజిటరును. పాఠం చెప్పే డాక్టరు కృష్ణవేణమ్మగారు బోర్డుమీద బొమ్మ గీస్తే చాలు, ఆడా మగా అందరం కాళ్ళ వేళ్ళు చూసుకునేవాళ్ళం.

రోగితో మాట్లాడించే మొదటిరోజు, కల్లూరు బండివాడు మారెన్నను తెచ్చి కూర్చోబెట్టారు. వంతులవారీగా అడిగాం. ఎవరేమడిగినా ఆయన జవాబు ఒకటే: "కడుపునొప్పి సామీ."

మాతోపాటే శిక్షణకొచ్చిన ఏసేపు వెళ్ళి ఆయన పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

"ఒంటికి పోతే మంట గదప్పా?"

"నీకెట్ల తెలుసు?"

"నాకూ వచ్చినాది గదా! నిప్పులు పోసినట్లే ఉండె."

మారెన్న తల ఎత్తాడు. "నీకూనా అప్పా!" అని ఏసేపు చెయ్యి పట్టుకుని, మొదటినుంచీ అంతా చెప్పేశాడు.

తరువాత సవాయి, అంటే సిఫిలిస్, ఉన్నవాడు వచ్చాడు. ఏసేపుకూ సవాయి. గజ్జల్లో బిళ్ళలున్నవాడు వచ్చాడు. ఏసేపుకూ బిళ్ళలు. హాస్టలు వంటమనిషి ఆయన కంచమూ గ్లాసూ వేరుగా పెట్టింది. పక్కమంచం వాడు మంచం ఎత్తుకుని వరండాలోకి పోయాడు. కాన్పు కష్టమైన ఒకామె వస్తే మేమంతా ఏసేపు వైపే చూశాం. ఆ ఒక్కసారి మాత్రం ఆయన నోరు మెదపలేదు.

చివరి పరీక్షలో కృష్ణవేణమ్మగారు అడిగారు: "ఏసేపూ, నీకు రాని రోగం ఏదైనా ఉందా?"

"పుస్తకంలో లేనియి ఏవీ రాలేదు మేడం."

ఆమె పడీపడీ నవ్వి పాసు చేశారు.

మా ఇద్దరినీ రాయచోటికి వేశారు. అక్కడ మిషన్ బడిలో రూతమ్మ అనే పంతులమ్మ ఉండేది. బడిముందు సైకిలు దిగి నడిపించుకుంటూ పోవడం ఏసేపుకు అలవాటైంది. "గాలి తగ్గినాదక్కా" అనేవాడు. ఆ అమ్మాయీ కిటికీలోంచి చూసేది. పెద్దలు మాట్లాడుకున్నారు, తాంబూలాలకు రోజు కూడా అనుకున్నారు.

ఏసేపు సూదులు వేయించి బాగుచేసిన ఒక రోగి సంతలో రూతమ్మ నాయనకు ఎదురుపడ్డాడు. కృతజ్ఞత పట్టలేక, "మీ అల్లుడు శానా మంచోడు సామీ! నాకూ ఆయనకూ ఒకటే జబ్బు" అన్నాడు. సంబంధం అక్కడికక్కడే ఆగిపోయింది.

నేను మండిపడ్డాను. "రక్తం పరీక్ష చేయించుకో. పోయి వాళ్ళకు నిజం చెప్పు!"

"చెప్తే? ఏసేపు అబద్ధాలకోరని ఊరంతా తెలుస్తాది. రేపు ఎవురొస్తారక్కా మన దగ్గరికి?"

"నీకెందుకయ్యా ఈ పిచ్చి?"

ఏసేపు సైకిలు గోడకు ఆనించాడు. "మా యన్నకు సవాయి ఉన్నిందక్కా. శానా సిగ్గరి. ఇంట్లో అందరికీ కడుపునొప్పి అనే చెప్పె. నేనూ కడుపుకే కషాయం కాచి తాపితి. అది ముదిరె, మతి పాయ, మనిషీ పాయ. నాకూ ఉండాదిరా అని ఒక్కడు పక్కన కూచోనింటే, చెప్పుకొనుండునేమో."

రూతమ్మకు వేరేచోట పెళ్ళయింది. ఏసేపు వెళ్ళి పందిట్లో చివర కూర్చున్నాడు. ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. వడ్డించేవాడు కూడా విస్తట్లో దూరం నుంచే అన్నం వేశాడు.

ఇక ఆ మాట అనడేమో అనుకున్నాను. ఆ నెలలోనే దగ్గరి పల్లెలో కంబన్న అనే రైతు సంగతి తెలిసింది. ఆయన భార్య హనుమంతమ్మకు కడుపు నిలవడం లేదు. గొడ్రాలని అత్త ఆయనకు మారుమనువు చూస్తోంది. తప్పు ఆమెది కాదని, కంబన్న ఒంట్లోని సవాయిదని మాకు అనుమానం. ఏసేపు చేలోకి వెళ్ళాడు. నేను గట్టుమీద నిలబడ్డాను. వేరుశనగ పీకుతున్న కంబన్న పక్కన తనూ వంగి పీకుతూ, కాసేపటికి మెల్లగా అన్నాడు: "నాకూ ఉండాదిలే కంబన్నా."

మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ పెనిసిలిన్ సూదులు వేయించుకున్నారు. సూది వేయించేటప్పుడు హనుమంతమ్మ ఏసేపు జబ్బు గురించి అడిగితే, నేను ఆమెకు నిజమే చెప్పాను.

మరుసటేడు హనుమంతమ్మ బిడ్డనెత్తుకుని ఆసుపత్రికొచ్చింది. వరండా నిండా జనం. నేరుగా పోయి ఏసేపు చేతుల్లో పెట్టబోయింది. బంట్రోతు అడ్డంపడ్డాడు. "ఆయనకియ్యొద్దమ్మా! ఆయనకు లేని రోగం లేదు!"

"ఆయప్పకు ఏ రోగమూ లేదు" అందామె, వరండా అంతా వినపడేట్టు. "ఉన్నింది నా మొగునికి. ఉండే రోగం దాచిపెట్టే మొగోణ్ణి చూసినా, లేంది ఉండాదని చెప్పుకొనే మొగోణ్ణి ఈ ఒక్కణ్ణే చూసినా. పట్టుకో అన్నా."

వెనక నిలబడ్డ కంబన్న తల వంచుకున్నాడు గానీ, కాదనలేదు.

ఏసేపు బిడ్డను రెండు చేతులా అందుకున్నాడు. ఆయన ఇస్త్రీ చొక్కా చూడగానే బిడ్డ దాన్ని ఛాతీ నుంచి నడుము దాకా తడిపేసింది. అందరూ నవ్వారు. హనుమంతమ్మ చేతులు చాపింది.

"ఉండనీమ్మా, ఇంకాసేపు" అన్నాడు ఏసేపు.